గారకు సబ్బు, బండకు యాసిడ్: ఇంటి శుభ్రతలో తలకిందులైన లెక్క

బోరు నీళ్ళు వాడే ఇంట్లో స్నానాల బకెట్ లోపలివైపు గోటితో ఒకసారి గీరి చూడండి. గోటికి అంటుకునేది ఒక్కటే సరుకు కాదు. పైన జారుడుగా, మైనంలా వచ్చేది సబ్బు విరిగి మిగిలిన తెట్టు. దాని కింద గోరు దిగకుండా గరుకుగా, తెల్లగా కరుచుకుని ఉండేది గార. సబ్బు తెట్టు నీళ్ళలోని సున్నమూ సబ్బూ కలిసి పుట్టింది. గార అచ్చంగా సున్నపురాయి జాతిది. ఈ రెండింటినీ గిన్నెల సబ్బు, స్టీలు పీచు పెట్టి రుద్దితే బకెట్ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లోకి గార ఇంకాస్త గట్టిగా దిగుతుంది. రుద్దేవాళ్ళ ఓపిక తక్కువై కాదు, వాడిన సరుకు తప్పు.

మన ఇళ్ళలో శుభ్రం చేసే సరుకుల ఖర్చు చాలావరకు ఇలాగే వృథా అవుతోందన్నది నా అభిప్రాయం. సీసా మీద గది పేరు చూసి కొంటున్నాం. టాయిలెట్‌కి ఒకటి, బాత్రూమ్ గోడలకు ఒకటి, వంటింటికి ఒకటి, నేలకు ఒకటి. మురికికి గదులతో పని లేదు. గారకు పులుపు కావాలి. జిడ్డుకు సబ్బో సోడానో కావాలి. పాచికి, బూజుకు క్లోరిన్ కావాలి. ఒకదానికి వాడాల్సింది ఇంకోదానికి వాడితే ఆ మురికి పోకపోగా నేల, కుళాయి, టైల్స్ సందులు పాడవుతాయి.

ముందు నీళ్ళ సంగతి తేల్చుకోవాలి. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగిన సున్నపు సరుకు లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. 400 ఉన్న బోరు నీళ్ళు రోజుకు 500 లీటర్లు వాడే ఇంటి లెక్క కట్టండి. రోజుకు 200 గ్రాములు, నెలకు 6 కిలోల సున్నపు సరుకు ఆ ఇంటి పైపుల్లోంచి పోతోంది. చాలావరకు కాలువలోకే పోతుంది. ఆరిపోయిన ప్రతి చుక్కా తన వంతు మాత్రం టైల్స్ మీద, షవర్ రంధ్రాల్లో వదిలి వెళుతుంది. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నీళ్ళు వచ్చినన్నాళ్ళూ మెరిసిన కుళాయి, వేసవిలో ట్యాంకర్ నీళ్ళు మొదలైన నెలకే తెల్లబారడం ఇందుకే.

కాఠిన్యం తెలుసుకోవడానికి టీడీఎస్ మీటర్ పనికిరాదు. ఇది చాలామంది పొరబడే చోటు. ఆ మీటర్ నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, సున్నం ఎంత, ఉప్పు ఎంత అని విడదీయదు. అపార్ట్‌మెంట్‌లో కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించాక మీటర్ ముంచి చూసి, ‘అంకె తగ్గలేదు, మోసం చేశారు’ అని గొడవపడేవాళ్ళున్నారు. సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. కాబట్టి ఆ అంకె తగ్గదు, తగ్గాల్సిన పనీ లేదు. అసలు పరీక్ష చాలా తేలిక. అర లీటరు సీసాలో సగం నీళ్ళు పోసి, బఠాణీ గింజంత ఒంటి సబ్బు తరుగు వేసి బాగా కుదపండి. నురుగు నిలిచి కింద నీళ్ళు తేటగా ఉంటే మెత్తని నీళ్ళు. నురుగు రాకుండా విరిగిన పాలలా తరకలు తేలితే కాఠిన్యం ఎక్కువున్న నీళ్ళు, మనం ఉప్పు నీళ్ళనేవి ఇవే. సాఫ్ట్‌నర్‌కి ముందు నీళ్ళతో ఒకసారి, తర్వాత నీళ్ళతో ఒకసారి చేసి చూస్తే అది పనిచేస్తోందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. పనిచేయకపోతే ఎక్కువసార్లు కారణం ఒకటే, రెజిన్‌కి సమయానికి ఉప్పు కలిపిన నీళ్ళు పట్టించకపోవడం.

గారకు నా ఓటు నిమ్మ ఉప్పుకే. కిరాణా కొట్టులో దొరికే ఆ తెల్లని పలుకులు సిట్రిక్ యాసిడ్. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 30 గ్రాములు కలిపితే సరిపోతుంది. మరిగే నీళ్ళు వద్దు. బాగా వేడిలో సున్నం, నిమ్మ ఉప్పు కలిసి ఇంకో తెల్ల మడ్డిగా దిగుతాయి. బకెట్‌కైతే ఈ నీళ్ళు పట్టించి పావుగంట వదిలి కడిగి, ఆ తర్వాతే గిన్నెల లిక్విడ్‌తో రుద్దాలి. ముందు పులుపు, తర్వాత సబ్బు. షవర్‌ని విప్పక్కర్లేదు. మందపాటి పాలిథిన్ కవర్‌లో ఈ నీళ్ళు పోసి, షవర్ తల మునిగేలా తొడిగి, మెడ దగ్గర రబ్బరు బ్యాండుతో బిగించి గంట ఉంచండి. కవర్ లోపల సన్నని బుడగలు పైకి లేస్తూ కనిపిస్తాయి, గార కరుగుతూ వాయువు వదులుతున్న గుర్తది. బుడగలు ఆగాక తీసి, పాత టూత్‌బ్రష్‌తో రంధ్రాల మీద రెండుసార్లు రుద్ది, నీళ్ళు ధారగా వదిలితే పక్కలకు చిమ్మే షవర్ మళ్ళీ తిన్నగా పడుతుంది. కుళాయి మూతి దగ్గరి జాలీకీ ఇదే వైద్యం.

సామాజిక మాధ్యమాల్లో తిరిగే ‘వెనిగర్, వంట సోడా’ చిట్కాని మాత్రం వదిలేయాలి. పులుపూ సోడా కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి. ఆ పొంగు చూడటానికి బాగుంటుంది, చివరకు మిగిలేది దాదాపు ఉప్పు కలిసిన నీళ్ళే. వెనిగర్ ఒక్కటే వాడితే గార కరుగుతుంది, సోడా ఒక్కటే వాడితే జిడ్డు కదులుతుంది. మన పెద్దవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఇత్తడి బిందెకు చింతపండు, జిడ్డు గిన్నెలకు బూడిద. ఒకటి పులుపు, ఇంకోటి క్షారం. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్ళలో చిన్న చింతపండు ముక్క వేయడం కూడా గార పట్టకుండా, పాత్ర నల్లబడకుండా చూసుకునే పద్ధతే.

అసలు నష్టం జరుగుతున్నది యాసిడ్ సీసా దగ్గర, అంటే కొట్లో విడిగా అమ్మే హైడ్రోక్లోరిక్ యాసిడ్ దగ్గర. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి.

మన ప్రాంతంలో పాత ఇళ్ళ నేలలు ఎక్కువగా తాండూరు బండలు, షాబాదు బండలు, కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు. రంగులు వేరైనా ఇవన్నీ సున్నపురాళ్ళే. పాలరాయిదీ అదే జాతి. అంటే కుళాయి మీది గారా, కాలి కింది బండా రసాయనంగా ఒకే కుటుంబం. గారను కరిగించే ప్రతి యాసిడ్ బండనూ కరిగిస్తుంది. యాసిడ్ పోసి తుడిచిన తాండూరు నేల ఆ పూట తెల్లగా, కొత్తగా కనిపిస్తుంది. మరక పోయింది కాబట్టి కాదు, మరకతో పాటు పై పొర కూడా లేచిపోయింది కాబట్టి. వారం తిరక్కుండా ఆ గరుకు నేల దుమ్మును మునుపటికన్నా ఎక్కువ పట్టుకుంటుంది, మళ్ళీ యాసిడ్ పోస్తారు. చివరికి పాలిష్ మిషన్ పెట్టించడం తప్ప దారి ఉండదు. మీ నేల ఏ రాయో అనుమానం ఉంటే బీరువా వెనుక మూలన ఒక నిమ్మరసం చుక్క వేసి చూడండి. చిన్న బుడగలు వచ్చినా, తుడిచాక ఆ చోట మెరుపు పోయినా అది సున్నపురాయి. దాని దగ్గరికి యాసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్ ఏవీ వెళ్ళకూడదు. 5 లీటర్ల నీళ్ళలో ఒక చిన్న చెంచా గిన్నెల లిక్విడ్ చాలు, ఆ తర్వాత మంచినీళ్ళతో ఒకసారి తుడవాలి. రెండో తుడుపు మానేస్తే సబ్బు పొర మిగిలి నేల మసకబారుతుంది. గ్రానైట్‌కి ఈ భయం చాలా తక్కువ.

టైల్స్‌కి యాసిడ్ ఏమీ చేయదు కదా అంటారు. టైల్‌కి చేయదు, టైల్స్ మధ్య సందుకు చేస్తుంది. ఆ సందుల్లో ఉండేది తెల్ల సిమెంటు లేదా సిమెంటు గ్రౌట్, దాంట్లోనూ సున్నమే. నెలనెలా యాసిడ్ పోసిన బాత్రూమ్‌లో సందులు గుంటలు పడి, నీళ్ళు కిందకి దిగి, కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తుంది. అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ రసాయనాల కోసం వేలు పోస్తారు. కారణం వంద రూపాయల లోపు సీసా అని ఎవరికీ తట్టదు. పొగ ఇంకో నష్టం. మూసిన బాత్రూమ్‌లో యాసిడ్ ఆవిరి కుళాయిల క్రోమ్ పూతను, స్టెయిన్‌లెస్ స్టీలు తలుపు గొళ్ళాన్ని తింటుంది. స్టీలు తుప్పు పట్టదనుకుంటాం కానీ క్లోరైడ్ తగిలితే చుక్కలు చుక్కలుగా గుంటలు పడుతుంది.

గృహప్రవేశానికి ముందు మేస్త్రీలు నేలంతా యాసిడ్‌తో కడిగే అలవాటు చాలాచోట్ల ఉంది, సిమెంటు మరకలు పోవాలని. విట్రిఫైడ్ టైల్స్ మీద తప్పనిసరైతే ముందు నేలంతా నీళ్ళు పారించి సందుల్ని తడపాలి, అప్పుడు సందు యాసిడ్‌ని పీల్చుకోదు. యాసిడ్‌ని కనీసం పదింతల నీళ్ళలో కలపాలి. నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది. కడిగాక మూడుసార్లు నీళ్ళు కొట్టాలి. తాండూరు బండలు వేయించుకున్నవాళ్ళు మాత్రం దీనికి ఒప్పుకోకండి. సిమెంటు మరక పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిపించుకోండి.

టాయిలెట్ కమోడ్ ఒక్కటే యాసిడ్‌కి న్యాయమైన చోటు. పింగాణీ దాన్ని తట్టుకుంటుంది. అక్కడ కూడా విడిగా అమ్మే యాసిడ్ కంటే హార్పిక్ లాంటి చిక్కటి క్లీనర్ మేలు. దాంట్లో ఉండేదీ హైడ్రోక్లోరిక్ యాసిడే, సుమారు 10 శాతం. చిక్కగా ఉండటం వల్ల గోడకు అంటుకుని 20 నిమిషాలు పనిచేస్తుంది. విడి యాసిడ్ పలచగా జారి నీళ్ళలో కలిసిపోతుంది, దాని బలం ఎంతో సీసా మీద ఉండదు. గీజర్‌లో మాత్రం ఏ యాసిడూ పోయకండి. గీజర్ గరగరమని చప్పుడు చేస్తూ, వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంటే హీటింగ్ రాడ్‌కి గార పట్టినట్టు. మెకానిక్‌తో విప్పించి శుభ్రం చేయిస్తూ, పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీని కూడా చూపించుకోండి. ట్యాంకుకు బదులు తను అరిగిపోయే కడ్డీ అది. ఉప్పు నీళ్ళలో ఏటా ఒకసారి చూడాలి. థర్మోస్టాట్ 50–55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే గారే తక్కువ పడుతుంది.

బ్లీచింగ్ పౌడర్ గురించి ఒక దురభిప్రాయం ఉంది. గార మీద చల్లితే తెల్లబడింది కాబట్టి పోయిందనుకుంటాం. పోయింది రంగే, గార అక్కడే ఉంది. పైగా బ్లీచింగ్ తయారయ్యేది సున్నం నుంచే, సున్నం మీద సున్నం చల్లినట్టవుతుంది. దాని పని పాచిని, సూక్ష్మజీవుల్ని చంపడం. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగాక 1000 లీటర్లకు 150 గ్రాముల తాజా పౌడర్‌ని బకెట్ నీళ్ళలో కలిపి, మడ్డి దిగాక పై తేట మాత్రం పోసి, రాత్రంతా ఉంచి ఖాళీ చేయాలి. వాడుకునే నీళ్ళకైతే 1000 లీటర్లకు 2.5 గ్రాములు, గంట ఆగాలి. తెరిచిన ప్యాకెట్ వర్షాకాలంలో చెమ్మకు బలం కోల్పోతుంది, ఘాటు వాసన లేని పౌడర్ ఉత్త సున్నమే అనుకోండి.

ఫినాయిల్ మీద నాకున్న అభ్యంతరం వాసనతోనే. నల్ల ఫినాయిల్ నీళ్ళలో పోయగానే పాలలా మారుతుంది, అది క్రిములను చంపే సరుకే. దాని లేబుల్ మీద ఆర్‌డబ్ల్యూసీ (క్రిములను చంపే బలాన్ని చెప్పే కొలత) అంకె ఎంత ఎక్కువైతే అంత బలం, అంత ఎక్కువ నీళ్ళు కలుపుకోవచ్చు. పిల్లి ఉన్న ఇంట్లో మాత్రం వాడకండి, దాంట్లోని ఫినాల్ రకం రసాయనాలు పిల్లులకు విషం. సైకిళ్ళ మీద, ఆటోల్లో తెచ్చి అమ్మే తెల్ల ఫినాయిల్‌కి చాలాసార్లు లేబులే ఉండదు. తెల్లగా, సువాసనగా ఉందంటే చంపుతుందని అర్థం కాదు. లైజాల్ రకం ద్రవాల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. దాన్ని సర్ఫ్ నీళ్ళలో కలిపి తుడిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పనిచేయవు. ముందు సర్ఫ్‌తో తుడిచి, మంచినీళ్ళతో తుడిచి, ఆ తర్వాత దీన్ని పట్టించి, లేబుల్ మీద చెప్పినంత సేపు తడిగా వదిలేయాలి. వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే డబ్బు దండగ.

వంటింట్లో చిమ్నీ జిడ్డుకు లీటరు వేడినీళ్ళలో రెండు చెంచాల చాకలి సోడా, అరగంట నానబెట్టడం చాలు. ఫిల్టర్ స్టీలుదైతేనే సుమా, అల్యూమినియం జాలీ నల్లబడిపోతుంది.

ఏది వాడినా ఒక్క హద్దు దాటకూడదు. టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ ఒకేచోట కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్రూమ్‌లో ఊపిరాడకుండా చేయడానికి అది చాలు. ఒకే బ్రాండు పేరు మీద యాసిడ్ రకమూ బ్లీచ్ రకమూ వస్తాయి కాబట్టి రంగు చూసి కాదు, వెనుక చిన్న అక్షరాలు చదివి కొనాలి. ఒకటి వాడాక బాగా ఫ్లష్ చేసి, రెండోది మరోరోజు వాడండి. కాలువ మూసుకుపోతే వేసే పొడి కాస్టిక్ సోడా. అది పనిచేయలేదని దాని మీదే యాసిడ్ పోస్తే వేడికి ఎగదన్ని ముఖం మీదకొస్తుంది.

2013లో సుప్రీంకోర్టు యాసిడ్ విడి అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. కొనేవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు రిజిస్టర్‌లో రాయాలి, 18 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు. అయినా వీధి చివర కొట్టులో అది పాత కూల్‌డ్రింక్ సీసాలో దొరుకుతూనే ఉంది. ఇంట్లో దాహంతో ఉన్న పిల్లాడికి ఆ సీసా కూల్‌డ్రింక్ సీసాలాగే కనిపిస్తుంది. ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉంటే ఇవాళే పై అరలోకి, తాళం వేసే చోటికి మార్చండి. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకండి, దిగేటప్పుడు కాల్చిన గొంతును పైకి వచ్చేటప్పుడు రెండోసారి కాలుస్తుంది. విరుగుడని వంట సోడా పట్టకండి. నోరు నీళ్ళతో పుక్కిలింపజేసి, ఆ సీసాను వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కుళాయి సన్నని ధార కింద కనీసం 15–20 నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని. ఆసుపత్రి ప్రయాణం ఆ తర్వాతే.