రుసుము అడిగేవాడితో జాగ్రత్త

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా, ఇటు బరంపురం వరకు, సొంత ఇల్లు కట్టుకోదలచిన తెలుగు కుటుంబాల్లో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ఆలోచన తలెత్తుతున్నది. భువనేశ్వరంలోనో విశాఖపట్నంలోనో చదువుకొని వచ్చిన పిల్లలు, స్థలానికి ఇంకా బయానా ఇవ్వకముందే, అమ్మేవారితో గాని, మేస్త్రీతో గాని, సిమెంటు దుకాణంతో గాని ఏ సంబంధమూ లేని ఒక ఆర్కిటెక్టును పిలిపించి, ఆయనకు తమ జేబులోంచి రుసుము చెల్లించి, ఈ స్థలంలో మనకు కావలసిన ఇల్లు పడుతుందా పడదా అని అడుగుదామని పెద్దల ఎదుటే అంటున్నారు. ఈ దుస్సంప్రదాయం ముదరకముందే నాలుగు మాటలు చెప్పవలసిన బాధ్యత నామీద ఉన్నదని భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట అడగవలసిన ప్రశ్న ఏమిటంటే, మనకు సలహాలకు లోటేమిటి? స్థలం చూడబోతున్నామని టీ కొట్టు దగ్గర ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికి ఒక సలహా మండలి దానంతట అదే ఏర్పడుతుంది. అందులో బ్రోకరు ఉంటాడు, అమ్మేవారి తోడల్లుడు ఉంటాడు, మేస్త్రీ, ఇనుము సిమెంటు దుకాణం యజమాని, వాస్తు సిద్ధాంతి ఉంటారు, ఏమీ అమ్మకపోయినా అన్నీ తెలిసిన పక్కింటి రిటైర్డ్ ఉద్యోగి కూడా ఉంటారు. వీరిలో ఒక్కరు కూడా సలహాకు పైసా పుచ్చుకోరు. పుచ్చుకోవలసిన అవసరమేముంది? బ్రోకరుకు అటు నుంచీ ఇటు నుంచీ శాతం ముడుతుంది గనుక ఆయనకు ప్రతి స్థలమూ బంగారమే. మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన కూలి గనుక ఇల్లు ఎంత పెద్దదైతే అంత సౌకర్యమని నిండు మనస్సుతో నమ్ముతాడు. దుకాణదారు అభిప్రాయంలో ఏ స్తంభానికైనా ఇంకో రెండు ఊచలు వేస్తే తప్పేమీ లేదు. వీరందరి అన్నం మన నిర్ణయం మీద ఆధారపడి ఉన్నప్పుడు, మన మేలు కోరే విషయంలో వీరికంటె శ్రద్ధ ఇంకెవరికుంటుంది? అటువంటిది, స్థలం కొన్నా కొనకపోయినా తనకొచ్చే రుసుము మారని మనిషిని నమ్మమంటే ఎలా నమ్మడం? అతనికి మన కొనుగోలులో ఏ లాభమూ లేదంటే, ఏదో మతలబు ఉండే ఉంటుంది.

ఇక చదువు సంగతి. 1972లో వచ్చిన ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవారు తప్ప ఇతరులు ఆర్కిటెక్టు అనే బిరుదు పెట్టుకోరాదు. మనవారు చట్టాన్ని ఎంతగా గౌరవిస్తారంటే, బోర్డు మీద ఆ మాటే రాయరు. 'ఇచ్చట ఇంటి ప్లాన్లు వేయబడును' అని మాత్రమే రాస్తారు. జిరాక్సు యంత్రానికి ఆనుకొని ఉన్న కంప్యూటరులో 30 × 40 అడుగుల నమూనా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తూర్పు ముఖం స్థలమైతే ఉన్నది ఉన్నట్టు, పడమర ముఖమైతే అద్దంలో బొమ్మలా తిప్పి, పది నిమిషాల్లో చేతిలో పెడతారు. తిప్పినప్పుడు ఆగ్నేయంలోని వంటిల్లు నైరుతికి పోతుంది. సిద్ధాంతిగారు అది చూసి గుండెమీద చెయ్యి వేసుకుంటారు. వెంటనే వంటింటి చోట పడకగది అని, పడకగది చోట వంటిల్లు అని పేర్లు మార్చి రాస్తారు. గోడలను ఎవరూ ముట్టుకోరు. ఆ విధంగా కొన్ని ఇళ్ళల్లో దంపతులు గిన్నెలు తోమడానికి ఉద్దేశించిన గొట్టం పక్కన నిద్రిస్తున్నారు. ఎవరూ ఫిర్యాదు చేసినట్టు వినలేదు.

స్థలం చూపించే ఘట్టం మన సంప్రదాయంలో అతి రమణీయమైనది. బ్రోకరు మనల్ని మాఘమాసంలో, ఎండ చల్లబడ్డాక, నాలుగున్నరకు తీసుకొని వెళతాడు. నేల గచ్చులా గట్టిగా ఉంటుంది. పక్క పొలంలో చింతచెట్టు నీడ సరిగ్గా మనం నిలుచున్న చోటికే వచ్చి పడుతుంది. తలమీద 33 కిలోవోల్టుల తీగ సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది. "ఆ తీగ సంగతేమిటండీ?" అని మనవాళ్ళు అడిగితే, "ఎంత పైనుందో చూడండి బావగారూ, గెడ పెట్టినా అందదు. పైగా మీకు కరెంటు కోసం దూరం వెళ్ళక్కర్లేదు" అని సమాధానం. ఇంత మర్యాదగా సాగుతున్న కార్యక్రమంలో ఆ రుసుము మనిషి ఉంటే ఏం చేస్తాడో ఊహించండి. 33 కిలోవోల్టుల తీగకూ కట్టడానికీ మధ్య నిలువున 3.7 మీటర్లు, పక్కకు 2 మీటర్లు ఎడం ఉండాలని చెబుతాడు. మీరు రెండో అంతస్తు వేస్తే ఆ ఎడం మిగలదని అక్కడికక్కడే లెక్క కడతాడు. ఆషాఢంలో ఊరి నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో చూడాలంటాడు. రోడ్డు మట్టం ఎంత, రేపు రోడ్డు మీద ఇంకో పొర వేస్తే మన గుమ్మం ఎక్కడుంటుంది అని అడుగుతాడు. పన్నెండడుగుల సందులోకి ఇసుక లారీ ఎలా వస్తుందంటాడు. బ్రోకరు మొహం చూడలేం. నాకైతే ఆ సమయంలో చింతచెట్టు కూడా నొచ్చుకుంటుందనిపిస్తుంది.

అంతటితో ఆగడు. టేపు తీయకముందే పట్టా అడుగుతాడు. పర్లాకిమిడి ఒడిశాలో చేరి 1936 ఏప్రిల్ 1 నుంచి లెక్క వేసుకుంటే ఇప్పటికి తొంభై ఏళ్ళ మాట. అప్పటి నుంచి మనకు కలిగిన ప్రత్యేక సౌకర్యం ఏమిటంటే పట్టా ఒడియాలో, వాస్తు తెలుగులో, అంచనా పత్రం ఇంగ్లీషులో ఉంటాయి. కొనేవారు మూడింటినీ సమాన విశ్వాసంతో చదవకుండా సంతకం చేస్తారు. ఆ మనిషి మాత్రం ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా నంబరు కొట్టి, కిసం, అంటే భూమి రకం, ఘరబారి (ఇంటిస్థలం) అని ఉన్నదా, సాగుభూమి అని ఉన్నదా చూస్తాడు. సాగుభూమి అయితే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8-ఎ సెక్షను కింద తహసీల్దారు దగ్గర ఇంటిస్థలంగా మార్పిడి చేయించుకున్నాకనే ఇంటి బొమ్మ గురించి మాట్లాడదామంటాడు. రాయగడ, కోరాపుట్ వైపు అయితే ఇంకా ఇరకాటం: అది షెడ్యూల్డు ప్రాంతం, 1956 నాటి రెండో రెగ్యులేషను ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసేతరుల చేతికి మారదు. గజపతి జిల్లాలోనూ గుమ్మ బ్లాకూ, రాయగడ అనే పేరే ఉన్న ఇంకో బ్లాకూ ఆ జాబితాలోనే ఉన్నాయి. "నోటి మాట మీద ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారండీ" అనే బ్రోకరు వాక్యానికి ఇతని దగ్గర ఏ విలువా లేదు. నోటి మాటకు విలువ లేని కాలం వచ్చిందని పెద్దలు బాధపడేది ఇందుకే.

కొలతల విషయంలోనూ మనకొక స్వేచ్ఛ ఉన్నది, దాన్ని కాపాడుకోవాలి. ఒడిశా కోస్తా లెక్కలో 25 గుంఠలు ఒక ఎకరం. తెలంగాణ లెక్కలో 40 గుంఠలు ఒక ఎకరం. అంటే ఇక్కడి గుంఠ 1742 చదరపు అడుగుల పైచిలుకు, అక్కడి గుంఠ 1089. హైదరాబాదు అల్లుడుగారు ఫోనులో రెండు గుంఠలని విని 242 గజాలని మనసులో కట్టుకుంటారు. ఇక్కడి మామగారు 387 గజాలనుకొని తలూపుతారు. మధ్యలో బ్రోకరు ధర చెప్పేటప్పుడు పెద్ద గుంఠ, కొలిచి ఇచ్చేటప్పుడు చిన్న గుంఠ వాడితే అది మోసమెలా అవుతుంది? రెండూ ప్రభుత్వాలు ఒప్పుకున్న కొలతలే. భూమి కొలిచే అమీనును పిలిచి, హద్దురాళ్ళు చూసి, చదరపు మీటర్లలో రాయించమనే సలహాదారు ఈ సుహృద్భావాన్ని ఒక్క గొలుసు లాగి చెడగొడతాడు.

ఇంటి లోపలి సంగతికి వస్తే వాస్తు గురించి గౌరవంగానే మాట్లాడాలి. ఇంటి శుభాశుభాలు చూసే ఆయం లెక్క కట్టేటప్పుడు వైశాల్యాన్ని ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగిలితే ధ్వజం, రెండు మిగిలితే ధూమం, మూడు మిగిలితే సింహం. ధూమం అరిష్టం, సింహం శుభం. కనుక కాగితం మీద ధూమం తేలగానే గోడను కొన్ని అంగుళాలు జరిపి సింహాన్ని తెప్పిస్తారు. ఆ జరిపిన గోడవల్ల వంటింటి కిటికీ పక్కింటివారి గోడకు అడుగున్నర దూరంలోకి వెళ్ళి, దాన్ని మూసేయవలసి వస్తుంది. అప్పటి నుంచి పోపు వేసిన ప్రతిసారీ ధూమం హాల్లోనే తిరుగుతూ ఉంటుంది. కాగితం మీద మాత్రం సింహమే ఉన్నది. 2016 నాటి జాతీయ నిర్మాణ నియమావళి వంటగది సాధారణంగా 5 చదరపు మీటర్లకు తగ్గరాదనీ, వెడల్పు 1.8 మీటర్లైనా ఉండాలనీ అంటుంది గాని, అది ఢిల్లీలో కూర్చొని రాసినది. అందులో సింహం ప్రస్తావన లేదు.

పదడుగుల పడకగదిలో ఆరడుగుల మంచం వేశాక బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. ఇంటావిడ ఒంటి చేత్తో లోపలికి వెతికి చీర లాగుతుంది. లోపలి వరుసలోని పట్టుచీరలు అందుకే పెళ్ళిళ్ళకు రావడం మానేశాయి. గృహప్రవేశానికి ముందే, అసలు గోడలు లేవకముందే, కాగితం మీద మంచం, బీరువా, తలుపు తెరుచుకొనే వంపు కొలత ప్రకారం గీసి చూపిస్తానంటాడు ఆ ఆర్కిటెక్టు. ఒక రబ్బరుతో చెరిపి గోడ జరపవచ్చునట. గోడను గునపంతో జరపడంలో ఉన్న నిండుదనం రబ్బరులో ఎక్కడిది?

పునాది గురించి మన మేస్త్రీలు ఏ ప్రయోగశాలకూ తీసిపోరు. గునపం రెండు పోట్లు పొడిచి, చప్పుడు విని, "అయిదడుగులు చాలు" అంటారు. నిన్నటి చెరువు గర్భమైనా, మొన్నటి పొలమైనా, రాతి నేలైనా ఆ అయిదడుగులు మారవు. నేల మోయగల బరువు పరీక్షించాలనే మనిషి మాటకు ఇక్కడ తావెక్కడిది? కాంక్రీటు కలిపేటప్పుడు నీళ్ళు ధారాళంగా పోస్తారు, ఎందుకంటే జారుగా ఉంటే గమేళా తేలిగ్గా ఖాళీ అవుతుంది. ఐ.ఎస్. 456 అనే ప్రమాణం ఊచలు వేసే కాంక్రీటు బలం ఎం 20 అనే శ్రేణికి తగ్గరాదంటుంది. బూడిద వంటివి కలిపిన మిశ్రమ సిమెంటు వాడితే కనీసం పది రోజులు తడి ఆరనివ్వొద్దంటుంది. మన పద్ధతిలో ఇంకో ఇంటి పని మొదలయ్యేవరకు తడుపుతారు. అది కొన్నిసార్లు పది రోజులు కూడా అవుతుంది, తొందరపడి నిందించకూడదు.

ఈ ప్రాంతంలో ఎవరి సిఫారసూ లేకుండా, ఎవరి కమీషనూ తినకుండా అభిప్రాయం చెప్పినది ఇంతవరకు తుఫాను ఒక్కటే. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ బరంపురానికి చెప్పింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదికి వచ్చిన తిత్లీ ఇటువైపు వారికి చెప్పింది. ఏ రేకుకు ఎన్ని బోల్టులు తక్కువో, నీటి దారిలో ఎవరు కట్టుకున్నారో ఒక్క రాత్రిలో తేల్చి వెళ్ళింది. కొందరు ఆ అభిప్రాయానికి చెల్లించిన మూల్యం గురించి వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రాదు. మిగిలినవారు మాత్రం నెల తిరక్కుండా అవే రేకులు అదే మేడమెట్ల మీద అవే బోల్టులతో బిగించుకున్నారు.

ఆర్థిక కోణం కూడా ఒకటున్నది. సలహాకు రుసుమంటే దండగ అనేవారే వీధిగేటుకు సింహం తలలు పోయిస్తారు, ముందువైపు ఎలివేషనుకు మూడు రంగుల రాయి అతికిస్తారు. అది వారి ఇష్టం, అందులో తప్పు లేదు. ఎందరు కుటుంబీకులు కట్టిన గోడలు పగలగొట్టే పని మీద బతుకుతున్నారో, పైకప్పు కారకుండా పూసే మందుల డీలర్లు ఎందరున్నారో, హద్దు తగాదాల వకీళ్ళు ఎందరున్నారో ఆలోచించండి. ముందే అడిగి కట్టుకోవడం మొదలుపెడితే వీరందరి పిల్లల చదువుల మాటేమిటి?

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు భయం వేరే ఉన్నది. మన సలహా మండలిలో ఎన్నేళ్ళు కూర్చున్నా 'కొనకండి' అనే మాట వినబడదు. అది వారికి రానే రాదు. రుసుము పుచ్చుకొన్నవాడు మాత్రం స్థలమంతా ఒకసారి తిరిగి, నీడ చూసి, మురుగు చూసి, కాగితం చూసి, నిస్సంకోచంగా ఆ మాట అనేయగలడు. బయానా జేబులో పెట్టుకొని వెళ్ళిన మనిషి, ఊళ్ళో అందరికీ చెప్పుకొన్నాక, తాంబూలం కూడా మాట్లాడుకొన్నాక, స్థలం కొనకుండా తిరిగి ఇంటికెలా వస్తాడు? వియ్యాలవారికేం చెబుతాడు?

కనుక అటువంటి ఆర్కిటెక్టు ఎవరైనా మన వైపు వస్తే ఈ క్రింది మర్యాదలు పాటించవలసిందిగా మండలి తరఫున మనవి. ఆయన రిజిస్ట్రేషను అయ్యాకనే రావాలి. శ్లాబు పోశాక వస్తే మరీ మంచిది. రుసుము మన దగ్గర కాకుండా టైల్సు దుకాణం దగ్గర పుచ్చుకోవాలి. ఏది చూపించినా 'బ్రహ్మాండంగా ఉన్నది' అనాలి. సందేహముంటే ముందు మేస్త్రీని అడిగి తీర్చుకోవాలి. వీటికి ఒప్పుకొంటే వీధి వైపు గోడకు రంగు ఎంచే పని ఆయనకు అప్పగించడానికి మాకు అభ్యంతరం లేదు, ఆ రంగు బావమరిది ఇదివరకే కొనుక్కొచ్చి ఉండకపోతే.