ఆగి ఉన్న గ్యాస్ ప్లాంటు దండగ కాదు

గ్యాస్ ప్లాంటు ఏడాదిలో చాలా గంటలు ఆగి ఉందని తెలియగానే "డబ్బు తగలేశారు" అనేస్తున్నారు. ఊరికి కరెంటుతో పాటు వేడి కూడా ఇచ్చే ప్లాంటుకు ఈ లెక్క పెట్టడం శుద్ధ తప్పు. ఉత్తర జర్మనీలోని కీల్ నగరాన్ని చూడండి.

అక్కడ సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పాత బొగ్గు ప్లాంటును 2019లో ఆపేశారు. దాని స్థానంలో 20 గ్యాస్ ఇంజన్లు వచ్చాయి. ఒక్కోటి దాదాపు 9.5 మెగావాట్లు, అన్నీ కలిపి 190 మెగావాట్ల కరెంటు, ఇంచుమించు అంతే వేడి. ఒకే పెద్ద టర్బైన్ పెడితే సగం లోడులో దాని సామర్థ్యం పడిపోతుంది. ఇక్కడైతే పది ఆపి, మిగతా పదీ ఫుల్ లోడులో నడపొచ్చు. ఆగిన ఇంజను 5 నిమిషాల్లో ఫుల్ లోడుకు వస్తుంది. కానీ ఆగి ఉన్నప్పుడూ ఇంజను చుట్టూ తిరిగే జాకెట్ నీళ్లు, భాగాలు అరగకుండా చూసే లూబ్ ఆయిల్ వెచ్చగా ఉంచాల్సిందే. ఆ పని వదిలేస్తే 5 నిమిషాల మాట మర్చిపోవాలి.

దీన్ని మన గోదావరి జిల్లాల ప్లాంట్లతో పోల్చడం మానండి. 2013లో మన తీరం దగ్గరి కేజీ డీ6 సముద్ర క్షేత్రం నుంచి గ్యాస్ అందక అవి పడకేశాయి. కీల్‌లో ఇంజను ఆపడమన్నది ఆపరేటర్ నిర్ణయం. పైగా మనవి కంబైండ్ సైకిల్: టర్బైన్ పొగతో ఆవిరి చేసి మళ్లీ కరెంటే తీస్తారు. ఆవిరి డ్రమ్ము మందపాటి గోడలు నెమ్మదిగా వేడెక్కాలి కాబట్టి చల్లారిన ప్లాంటు పూర్తిగా అందుకోవడానికి గంటలు పడుతుంది.

కీల్‌లో గ్యాస్ శక్తిలో 45 శాతం కరెంటు అవుతుంది. పొగలో, జాకెట్ నీళ్లలో, ఆయిల్‌లో పోయే వేడిని పట్టి 70 వేలకు పైగా ఇళ్లకు పైపుల్లో పంపుతారు. అందుకే గ్యాస్ శక్తిలో మొత్తం 90 శాతానికి పైగా పనికొస్తుంది.

అసలు ప్రాణం మాత్రం వేడినీళ్లు నిల్వ ఉంచే ట్యాంకులో ఉంది. 60 మీటర్ల ఎత్తు, 30 వేల ఘనపు మీటర్ల నీళ్లు, సుమారు 1,500 మెగావాట్ అవర్ల వేడి. ఇంజన్లన్నీ దాదాపు 8 గంటలు నడిస్తే వచ్చేంత! గాలిమరలు జోరుగా తిరిగి కరెంటు ధర పడిపోతే ఇంజన్లు ఆపేస్తారు, ఇళ్లు ట్యాంకు నీళ్లతోనే వెచ్చగా ఉంటాయి. మిగులు గాలి కరెంటును 35 మెగావాట్ల ఎలక్ట్రోడ్ బాయిలర్‌లో వేడిగా మార్చి ట్యాంకులోకే పంపొచ్చు. ట్యాంకే లేకపోతే వేడి కోసం ఇంజన్లు నడపక తప్పదు. గ్రిడ్‌లో చోటు చాలక గాలిమరలను ఆపాల్సి వస్తుంది.

ఈ ఏర్పాటును చెడగొట్టేది ఇళ్ల నుంచి తిరిగొచ్చే నీటి వేడి. ట్యాంకులో ఎంత వేడి పడుతుందన్నది వెళ్లే నీళ్లకూ తిరిగొచ్చే నీళ్లకూ ఉన్న డిగ్రీల తేడాను బట్టే. తిరిగొచ్చే నీళ్లు 10 డిగ్రీలు పెరిగితే ట్యాంకులో పట్టే వేడిలో దాదాపు 350 మెగావాట్ అవర్లు, అంటే పావు వంతుకు దగ్గరగా, పోయినట్టే. పొగ నుంచి లాగే వేడీ తగ్గుతుంది. కారణాలు చిన్నవే: రేడియేటర్ వాల్వులు బ్యాలెన్స్ చేయకపోవడం, సెల్లార్‌లోని పైపుల వేడిని ఇంటి నీళ్లకు అందించే హీట్ ఎక్స్చేంజర్‌కు పొలుసు పట్టడం, వేడినీళ్లను వాడకుండానే వెనక్కి పంపే బైపాస్ పైపును ఎవరో తెరిచి వదిలేయడం. ప్లాంటుకు కోట్లు పోసి ఈ వాల్వుల దగ్గర పిసినారితనం చూపిస్తే ఒళ్లు మండుతుంది.

దీని మచ్చ కూడా చెప్పాలి. గ్యాస్ ఇంజన్ల పొగలో కొంత మీథేన్ కాలకుండానే బయటికి పోతుంది, లోడు తగ్గితే ఇంకా ఎక్కువ. అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడెక్కించే వాయువు. బొగ్గు మానేశామని చెప్పుకునే ప్రతి ప్లాంటూ పొగగొట్టం దగ్గర మీథేన్ కొలిచి, ఆ అంకెను కరెంటు అంకె పక్కనే పెట్టాలి.