మహారాజశ్రీ క్లచ్ ప్లేట్ల గారికి

మహారాజశ్రీ క్లచ్ ప్లేట్ల గారి సముఖమునకు, విశాఖపట్నం నుంచి మీ బండి ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ మనలో ఎవరూ కుశలంగా లేరు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మీరు మా బండిలో కాలు పెట్టి ఇరవై రోజులైంది. మీకు ముందున్నవాళ్ళు 42,000 కిలోమీటర్లు చాకిరీ చేసి, అరిగి, నల్లబడి రిటైరయ్యారు. వాళ్ళ స్థానంలో మీరు ఐదుగురు, మీ మధ్యన నాలుగు స్టీలు ప్లేట్లు, కొత్త స్ప్రింగులు, ప్యాకింగు, లేబరు, అన్నీ కలిపి 1,850 రూపాయలు. మేళతాళాలు తప్ప లాంఛనాలన్నీ జరిగాయి.

మీదేమన్నా కలెక్టరు ఉద్యోగమా? పెళ్ళిళ్ళ పేరయ్య పని. ఇటు ఇంజను, అటు గేర్‌బాక్సు. నేను లివరు నొక్కితే ఇద్దర్నీ విడదీయాలి, వదిలితే కలపాలి. మొదటి వారం మీరు 'విడదీయం' అన్నారు. రెండో వారం 'కలపం' అన్నారు.

మద్దిలపాలెం సిగ్నల్ గుర్తుందా? లివరు హాండిల్‌కి అంటుకునేదాకా నొక్కి పట్టుకున్నాను. అయినా బండి కట్టు తెంచుకున్న దూడలా ముందుకే. ఎదురుగా ఆటో వెనక 'హారన్ ప్లీజ్' అని రాసుంది. హారన్ దాకా ఎందుకని మీరు చక్రంతోనే పలకరించారు. "ఏటి గురూ, కళ్ళు కనబడ్డం లేదా?" అని ఆటో అతను దిగాడు. కళ్ళు కనబడుతున్నాయి, న్యూట్రలే కనబడ్డం లేదని ఎలా చెప్పను? కాలితో ఎంత మీటినా ఫస్టు పడుతుంది, సెకండు పడుతుంది, మధ్యలో ఉండాల్సింది మాత్రం పడదు. ఇంజను ఆపితేనే పడేది. అలా సిగ్నల్ సిగ్నల్‌కీ ఆపడం, పచ్చలైటు పడగానే కిక్కు కొట్టడం, వెనకవాళ్ళ దీవెనలు అందుకోవడం.

మెకానిక్‌ని అడిగితే, "కొత్త ప్లేట్లు కదా సార్, రెండొందల కిలోమీటర్లు తిరిగితే అవే సెట్టయిపోతాయి" అన్నాడు. పెళ్ళి చేస్తే కుర్రాడు సెట్టయిపోతాడని మా మేనత్త కూడా ఇదే నమ్మకంతో చెప్పేది. ఆ కుర్రాడి సంగతి ఇక్కడ వద్దు. మళ్ళీ వెళ్తే ఈసారి క్లచ్ వైరు బిగించాడు. ఎంత బిగించాడంటే లివరుకి ప్లే అన్నదే లేదు. చివర ఒక సెంటీమీటరుకి పైగా వదులుండాలని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం ఇప్పటికీ కవరు విప్పకుండా బీరువాలో భద్రంగా ఉంది.

ఇక సింహాచలం. హనుమంతవాక, ముడసర్లోవ మీదుగా అడవివరం దాకా బాగానే వచ్చారు. ఘాట్ ఎక్కేసరికి చేతులెత్తేశారు. ఇంజను అరుపు వింటే విమానం లేస్తుందేమో అనిపించింది, స్పీడోమీటరు ముల్లు మాత్రం 15 దగ్గర తపస్సులో ఉంది. మాడు వాసన. "నేను దిగి నడవనా?" అంది మా ఆవిడ. దిగింది. నడిచింది. తర్వాతి మలుపులో నాకోసం నిలబడి ఎదురుచూసింది. గిరి ప్రదక్షిణకి 32 కిలోమీటర్లు కాలినడకన తిరిగే జనం ఉన్న ఊరు మాది, నడక మాకు కొత్త కాదు. బండి తోసుకుంటూ కొండెక్కుతామని మాత్రం అప్పన్నకి ఎవరం మొక్కుకోలేదు.

మూడోసారి షెడ్డుకి వెళ్తే వైరు వదులు చేశాడు. అయినా మీరు జారుతూనే ఉన్నారు. అప్పుడు ఆయిల్ మూత తీసి, వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, "సార్, ఆ రోజు మీరు తెచ్చిన ఆయిల్ ఏ బండిది?" అన్నాడు.

ఇక్కడ నా గొంతు కాస్త తగ్గుతుంది.

మా బావ కారు సర్వీసులో లీటరుంబావు ఆయిల్ మిగిలింది. ఖరీదైన సరుకు, కారుకే పోసేది బండికి ఇంకా మంచిదే కదా అని డబ్బా నేనే పట్టుకెళ్ళి పోయించాను. కారు క్లచ్ ఇంజనాయిల్ అంటకుండా విడిగా, పొడిగా ఉంటుందట. మీరేమో ఇరవై నాలుగ్గంటలూ అదే ఆయిల్లో స్నానం చేస్తారు. డబ్బా వెనక 'ఎనర్జీ కన్సర్వింగ్' అని ఉంది, అంటే రాపిడి తగ్గించే మందు కలిపారన్నమాట. రాపిడితోనే బతికే మీకు ఆ మందు తాగించింది నేనే. బండి ఆయిల్ డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉంటుందని, అది చూసి కొనాలని మెకానిక్ చెప్పాడు. "ఆ రోజే అడిగాను కదా సార్, బండి ఆయిల్ తెప్పించనా అని" అని కూడా అన్నాడు. అడిగాడు. నిజమే.

ప్రస్తుతం మీరు షెడ్డులో, పాత ఐస్‌క్రీం డబ్బాలో, కొత్త ఆయిల్లో ఆవకాయ ముక్కల్లా నానుతున్నారని తెలిసింది. మీ ముఖాలు మరీ నునుపెక్కి ఉంటే మార్చాల్సిందేనట, అదే జరిగితే ఇంకో 1,850. రేపు సాయంత్రం వస్తాను.

ఇట్లు,
మీ బండి ఓనరు

తా.క.: మిగిలిన పావు లీటరూ మా గేటు బందులకి వేశాను. చిటికెన వేలితో తోస్తే చాలు, తెరుచుకుంటోంది.