బిగ్ మఫ్ కొంటే సయామీస్ డ్రీమ్ వచ్చేస్తుందా?

అమెరికన్ రాక్ బ్యాండ్ స్మాషింగ్ పంప్‌కిన్స్ రెండో ఆల్బమ్ 'సయామీస్ డ్రీమ్'లోని గిటార్ టోన్ కావాలంటే ఏం కొనాలని అడగండి, అందరి నోటా ఒకటే మాట: బిగ్ మఫ్, అంటే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్. సరే, కొంటారు. ఫజ్‌ను పెంచే సస్టెయిన్ నాబ్ చివరిదాకా తిప్పుతారు. తేనెతుట్టె కదిలినట్టు జుయ్యిమంటుంది. పెడల్ దండగని అమ్మేస్తారు. ఆడలేక మద్దెల ఓడు!

పెడల్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు బిల్లీ కోర్గన్ వాడింది 1970ల చివర్లో వచ్చిన ఆప్-యాంప్ రకం. మిగతా బిగ్ మఫ్‌లలో ట్రాన్సిస్టర్లుండే చోట దీనిలో ఐసీ చిప్పులుంటాయి. 2017లో తయారీ కంపెనీ ఎలక్ట్రో-హార్మోనిక్స్ దాన్నే చిన్న డబ్బాలో మళ్లీ తెచ్చింది కాబట్టి పాతదాని కోసం డబ్బు తగలేయక్కర్లేదు. పెడల్‌కు ముందు లేస్ సెన్సర్ పికప్‌ల (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేవి) స్ట్రాటోకాస్టర్ గిటార్, వెనక మార్షల్ జేసీఎం800 యాంప్. అంతే.

అసలు కథంతా పొరలది. 1992 డిసెంబర్ నుంచి నాలుగు నెలలు, జార్జియా రాష్ట్రం మారియెట్టాలోని ట్రైక్లాప్స్ స్టూడియోలో, ప్రొడ్యూసర్ బుచ్ విగ్ ఎదుట, టేపు మీద, పొర మీద పొర వాయించారు. 'సోమా' పాట ఒక్కదానిలోనే 40 దాకా గిటార్ భాగాలున్నాయంటారు. గిటార్, బేస్ చాలావరకు కోర్గన్ ఒక్కడే వాయించి రెండో గిటారిస్టు జేమ్స్ ఇహాని, బేసిస్టు డార్సీని పక్కన పెట్టాడని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. బ్యాండ్‌లో మనుషుల మధ్య అది అన్యాయమే. చెవికి మాత్రం అదే మేలు చేసింది. చెయ్యి ఒకటే కావడంతో పిక్ తగిలే క్షణం, తీగను నొక్కిపట్టే తీరు మారవు. అన్ని పొరలూ ఒక్క పెద్ద గిటార్‌లా వినిపిస్తాయి.

ఇంట్లో రికార్డు చేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఒక టేక్‌ను (ఒకసారి వాయించిన రికార్డింగ్‌ను) కాపీ చేసి కుడీఎడమా పెడతారు. దానివల్ల వెడల్పు రాదు, మధ్యలోనే శబ్దం పెరుగుతుంది. ఒకదాన్ని 15 మిల్లీసెకన్లు జరిపితే హెడ్‌ఫోన్లలో బ్రహ్మాండం. ఫోన్ స్పీకర్‌లో రెండూ కలిసేసరికి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని రేకుడబ్బా మోత మిగులుతుంది. ఒళ్లు వంచి రెండోసారి వాయించాల్సిందే. ఒక టేక్ పూర్తిగా ఎడమకు, ఇంకోటి పూర్తిగా కుడికి. ఆపైన మరో జత, ఈసారి ఫజ్ బాగా తగ్గించి. ఏ పొరనైనా విడిగా వింటే కాస్త బక్కగా ఉందే అనిపించాలి. గిటార్లన్నిటిలో 100 హెర్ట్జ్ కిందున్న లోతు శబ్దాన్ని కోసేయండి, ఆ జాగా బేస్‌ది, కిక్ డ్రమ్‌ది. ప్రతి టేక్‌కూ ముందు ట్యూనింగ్ చూడాలి. ఇది బద్ధకించేవాళ్లే ఎక్కువ.

ఇంకోటి. ఫజ్‌లోకి నిండు మేజర్ కార్డ్ పంపితే స్వరాలు ఒకదానితో ఒకటి రాసుకుని లేనిపోని కొత్త స్వరాలు పుట్టి బురదవుతుంది. ఒక ట్రాక్‌లో ఫిఫ్త్ (మూలస్వరం, దాని పంచమం), ఇంకోదానిలో ఆక్టేవ్ (అదే స్వరం పై స్థాయిలో), థర్డ్ (గాంధారం) కావాలంటే దానికి వేరే ట్రాక్.

డ్రమ్స్ మర్చిపోయి గిటార్ల మీదే పడటం మరో జబ్బు. ఫజ్ మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకే ఎత్తుకు చదును చేసేస్తుంది. ఎత్తుపల్లాలు డ్రమ్స్ నుంచే రావాలి. జాజ్ పునాది ఉన్న బ్యాండ్ డ్రమ్మర్ జిమ్మీ చేంబర్లిన్ ఆ పని చేశాడు. అన్నీ ఒకే బలంతో కొట్టే డ్రమ్ మెషీన్ పెట్టి గిటార్ల శబ్దం గోడలా లేవలేదని ఏడిస్తే ఎలా?

అదే ఆల్బమ్‌లోని 'మేయొనేజ్' పాట వినండి. గిటార్ ఆగిన చోట సన్నగా ఈల. ఆ చవక గిటార్ వాయించడం ఆపితే చాలు, కూసేది. కూతను అలాగే ఉంచేశారు. మనవాళ్లయితే సన్నటి శబ్దాలను ఆపేసే నాయిస్ గేట్ పెట్టి కోసిపారేసేవాళ్లు.