రెండు మెట్ల ముందు ఆగిపోయిన ర్యాంపు గారికి

మహారాజశ్రీ ర్యాంపు గారి సముఖమునకు,

మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం తమరి దర్శనభాగ్యం కలిగింది. తమరు కొలువున్న గుడి పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ రిబ్బను కట్టి తమర్ని ఇంకోసారి ప్రారంభిస్తారేమోనని భయం. కాకతీయుల నాటిది, నడుమెత్తు అరుగు మీద నిలబడింది. ఆ మాత్రం చాలు.

ముందుగా తమరి సోయగం గురించి. ఎనిమిది వందల ఏళ్ల నల్లరాతి పక్కన తెల్లగా తళతళలాడే టైల్స్ వేయించుకున్నారు. గట్టి కాళ్లున్నవాళ్లే జారిపడేంత నునుపు. వీల్‌చైర్‌ను అడుగు ఎత్తు ఎక్కించాలంటే ర్యాంపు 12 అడుగుల పొడవుండాలని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మూడడుగుల అరుగుకు తమరు 36 అడుగులు సాగాలి. పదడుగుల్లోనే సరిపెట్టుకున్నారు. తక్కిన 26 అడుగులు ఏ బిల్లులో పవళించాయో తమరికే తెలియాలి.

అయినా ఎక్కాం. నేను, ముక్కూమొహం తెలియని ఇద్దరు కుర్రాళ్లు, పూలమ్మే ఒకావిడ కలిసి అమ్మ వీల్‌చైర్‌ను తమరి మీదుగా పైకి నెట్టాం. ఇంకొందరు ‘జాగ్రత్తండీ’ అంటూ ఫోనులో వీడియో తీసి సహకరించారు. తీరా పైకి చేరాక చూస్తే, అరుగు అంచు దగ్గరే తమరి బాధ్యత ముగిసింది. అక్కడి నుంచి మండపానికి రెండు మెట్లు. ఆపైన గడప.

రెండు మెట్లండీ! ఇరవై కాదు, రెండు వందలు కాదు. గోల్కొండ కోట పైదాకా తీసుకెళ్లమని అడిగామా?

మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా బడిలో సోషల్ పాఠాలు చెప్పింది. గణపతిదేవుడి నుంచి ప్రతాపరుద్రుడి దాకా నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతుంది. గర్భగుడి ద్వారబంధం మీద చెక్కడాలు చూడాలని ఆశపడింది. మెట్ల ముందు కాసేపు ఎండలో కూర్చుని, ‘ఇక్కణ్నుంచి బాగానే కనిపిస్తోందిలే’ అంది. ఆ చీకట్లో ఏమీ కనిపించదని నాకు తెలుసు. జన్మలో అబద్ధమాడని మనిషి చేత ఆడించావు.

అవును, ఇక ‘తమరు’ చాలు.

రాళ్లతో పని చేయడం మనకు చేతకాదా? నాగార్జునసాగర్ నీళ్లలో మునగబోయే లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కొన్నింటిని నాగార్జునకొండ మీదికి, కొన్నింటిని దగ్గర్లోని అనుపుకు తరలించి మళ్లీ పేర్చారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, దాదాపు రెండు దశాబ్దాలు నానబెట్టినా, 2024లో తిరిగి నిలబెట్టారు. రామప్పలో ఇసుక పునాది మీద అంత గుడి నిలిపినవాళ్ల వారసులం. మనకు రెండు మెట్ల మీద ఒక చెక్క వాలు వేయడం బ్రహ్మవిద్య అయింది!

అడిగితే ఏమన్నారో తెలుసా? ‘రక్షిత కట్టడమండీ, మెట్లను ముట్టుకోకూడదు.’ నిజమే, ముట్టుకోకూడదు. మరి నిన్నెలా పోశారు? అరుగు అంచు చెక్కడాలు నీ సిమెంటు కింద సమాధి అయినప్పుడు ఆ రక్షణ ఎక్కడికి పోయింది? రాతికి మేకు కొట్టకుండా, రేపు కావాలంటే తీసి పక్కన పెట్టేలా చెక్కతోనో ఇనుముతోనో వాలుబాట వేయవచ్చు. గ్రీసు దేశపు ఏథెన్స్‌లో, పురాతన గుళ్లున్న అక్రోపోలిస్ కొండకు 2020లో కొత్త లిఫ్టు పెట్టారు. పైన పరిచిన కాంక్రీటు బాటల మీద పురావస్తు నిపుణులు దుమ్మెత్తిపోశారు. వాళ్ల కోపంలో న్యాయముంది. కానీ ఆ తగవంతా జనం పైకి చేరాక. మనకు ఆ తగవు పడే యోగం కూడా లేదు.

నీ ఇరుగుపొరుగును కూడా పలకరించాను. ‘పర్యావరణ హిత పర్యాటకం’ అని రాసిన ప్లాస్టిక్ ఫ్లెక్సీ. పెద్దలు వచ్చిన రోజే చార్జింగు ఎక్కే బ్యాటరీ బండి. తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ, గొళ్లేనికి తాళం ఉన్న మరుగుదొడ్డి. మీది మంచి కుటుంబం.

2015 డిసెంబరులో, కట్టడాలను వికలాంగులకు అందుబాటులోకి తెస్తామంటూ సుగమ్య భారత్ అన్నారు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆ కాగితాల మీద ఎవరో టిక్కు పెట్టడానికి నువ్వు పుట్టావు. అంతకుమించి నీకు వేరే పనే అప్పజెప్పలేదు, పాపం.

మెట్ల కొలతలు తీసుకున్నాను. మా వీధి వడ్రంగి చెక్క వాలు చేసిస్తానన్నాడు. తెచ్చుకోవచ్చా అని కాపలాదారును అడిగితే ‘అనుమతి కావాలి’ అన్నాడు. ఎవరిదంటే, నీ పక్కనున్న శిలాఫలకం చూపించాడు. నీకంటే ఎత్తైన ఆ రాతి మీద చాలా పేర్లున్నాయి. చదివాను. కొందరు బదిలీ అయ్యారు, కొందరు ఓడిపోయారు. మిగిలినవాళ్లందరికీ ఈ లేఖ నకలు పంపుతున్నాను.

ఇట్లు,
బ్రేకు పట్టుకుని నీ మీద నుంచి వెనక్కి నడుస్తూ దిగిన
ఒక టీచరమ్మ కూతురు