సెక్రటరీ బుర్రంతా కంప్యూటర్‌లోకి ఎక్కదు

ఈ మధ్య మా కోనసీమ వ్యవసాయ సహకార సొసైటీల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తెగ తిరుగుతోంది. రిటైరయ్యే సెక్రటరీలకు తెలిసిందంతా రాయించి కంప్యూటర్‌లో పెడితే ఎవరు వెళ్లిపోయినా సొసైటీ ఆగదట, రాయనివాళ్లు కావాలని దాచుకుంటున్నట్టేనట, పేజీకి ఇంతని ఇస్తే వాళ్లే రాస్తారట, మిగతాదానికి వాట్సాప్ ఉందట. రాయడం దండగ అని నేనూ అనను. కానీ ఈ నాలుగు ముక్కల్లో ఒక్కటీ సరిగ్గా లేదు.

"తెలిసిందంతా" అన్న దగ్గరే పేచీ. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇలాంటివి రాసి పెట్టుకోవాల్సిందే, ఏ అధికారి మారినా పని నడుస్తుంది. అన్నీ ఇలా ఉండవు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్ డ్రాయింగులు పోయాయని ఓ పుకారు ఉంది చూశారా, అదీ తప్పే, అవి మైక్రోఫిల్మ్ మీద భద్రంగా ఉన్నాయి. అయినా దాని ఎఫ్-1 ఇంజిన్ సంగతి తేల్చుకోవడానికి నాసా కుర్ర ఇంజనీర్లు 2012-13లో పాత ఇంజిన్నే విప్పి చూడాల్సొచ్చింది. వెల్డర్లు ఒక్కో ఇంజిన్‌కి చేత్తో చేసిన సర్దుబాట్లు ఆ కాగితాల్లో లేవు మరి.

"దాచుకుంటున్నారు" అన్నది మరీ అన్యాయం. మా వైపు చేను ఒకరిది, చేసేది ఇంకొకరు. పాసు పుస్తకంలో హైదరాబాద్‌లో ఉండే ఆసామి పేరుంటుంది, యూరియా బస్తా కోసం లైన్లో నిలబడేది కౌలు రైతు. 2019 చట్టం కౌలు రైతు కోసం తెచ్చిన సాగుదారు హక్కు పత్రానికి యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి, భూమి ఎక్కడ చెయ్యి జారిపోతుందోనని చాలామంది పెట్టలేదు. అంచేత ఈ సార్వాకి, అంటే తొలకరి వరికి, ఏ చేను ఎవరి చేతిలో ఉంది, దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఎవరికి మారింది, మక్తా (కౌలు) ఎవరు బాకీ అన్నవి సెక్రటరీ బుర్రలోనే ఉంటాయి. రాయమనండి చూద్దాం! ఆ రాత యజమాని కంటపడితే ముందు పొలం పోయేది కౌలుదారుకే.

కౌంటర్లో కొత్త కుర్రాడు స్క్రీన్ చూసి "బాబాయ్‌గారూ, పాసు పుస్తకం మీది కాదు కదండీ" అని తిప్పి పంపబోతే, పక్క బల్ల దగ్గర్నుంచి పాత సెక్రటరీ పెద్దాయన "ఇచ్చెయ్ రా, ఆ నాలుగెకరాలూ వాళ్ల నాన్న కాలం నుంచీ వాళ్లే చేస్తున్నారు" అంటాడు. దేశంలో 63 వేల సొసైటీల కంప్యూటరీకరణకి కేంద్రం 2022లో 2,516 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది, లెడ్జర్ల గోల తగ్గుతుంది కాబట్టి సంతోషమే. ఈ మాటని మాత్రం ఏ గడిలో ఎక్కిస్తారు?

ఇక పేజీకి ఇంత. జిరాక్స్ కంపెనీ 1990ల్లో తన మెకానిక్కుల చిట్కాలు పోగేయడానికి యురేకా అని ఓ ఏర్పాటు పెట్టింది. తోటి మెకానిక్కులే సరిచూసి ఒప్పుకున్నాక, రాసినవాడి పేరుతో చిట్కా అందరికీ వెళ్లేది. వాళ్లకి కావలసింది డబ్బు కాదు, ఆ పేరే. మన దగ్గర పేజీకి లెక్కగట్టండి, పేజీలు మాత్రం బాగా వస్తాయి.

వాట్సాప్ గురించి చెప్పేదేముంది, పోయిన సార్వా నాటి విత్తనాల సర్క్యులర్ కావాలంటే గుడ్ మార్నింగ్ పువ్వులన్నీ దాటుకుంటూ పైకి పోవాలి, తీరా దొరికాక ఫోటో మసక.

సొసైటీ బోర్డులు చేయగలిగింది ఒకటుంది. పెద్దాయన దిగిపోయే రోజున కాకుండా, కొత్త మనిషిని ముందే వేసి ఒక సార్వా, ఒక దాళ్వా ఇద్దరినీ ఒకే కౌంటర్లో కూర్చోబెట్టండి. రెండు జీతాలు దండగ అనేవాళ్లు, రిటైరైన సెక్రటరీలకు ఇప్పటికీ సొసైటీ నుంచి రోజూ ఎన్ని ఫోన్లు వెళ్తున్నాయో ఓసారి కనుక్కుని అప్పుడు మాట్లాడండి.