బఫర్ గీత ఏ సర్వే నంబరు మీదుగా పోతుందో రైతుకు చెప్పాలి

2024 నవంబరు నెలాఖరున కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి వెళ్లిన ఒక మహిళను పులి చంపింది. మరునాడే సిర్పూర్ (టి) మండలంలో చేనులో ఉన్న రైతు మీద పులి దాడి జరిగింది. ఆ తర్వాత అక్కడి కూలీలు అటవీ సిబ్బంది ఇచ్చిన మనిషి ముఖం మాస్కులను తల వెనక్కి తగిలించుకొని పత్తి ఏరారు. పులి సాధారణంగా వెనకనుంచి వస్తుంది కనుక, అటు కూడా ముఖం కనబడితే జంకుతుందని ఆశ. నడుముకు పత్తి ఒడి, తల వెనక ఇంకో ముఖం. పులుల అడవుల చుట్టూ గీసే బఫర్ జోన్ల గురించి మాట్లాడేవాళ్లు ఈ మనుషులను కళ్లముందు ఉంచుకొని మాట్లాడాలి.

మన దగ్గర ఈ చర్చలో మూడు వేర్వేరు గీతలు కలిసిపోతున్నాయి. 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యంలో దాదాపు 892 చదరపు కిలోమీటర్లు కోర్, అంటే లోపలి అడవి; దాని చుట్టూ 1,123 చదరపు కిలోమీటర్లు బఫర్. ఊళ్లను తరలించే మాట కోర్‌కు సంబంధించినది. బఫర్‌లో మనుషులు, వన్యప్రాణులు కలిసి బతకాలనీ, దాని హద్దులను గ్రామసభలను సంప్రదించి నిర్ణయించాలనీ వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతోంది. ఇక పాఖాల, ఏటూరునాగారం వంటి అభయారణ్యాల చుట్టూ గీసే పర్యావరణ సున్నిత మండలం 1986 నాటి పర్యావరణ చట్టం కింద వచ్చేది. దానికి కనీసం ఒక కిలోమీటరు ఉండాలని సుప్రీంకోర్టు 2022 జూన్‌లో ఆదేశించి, అన్నిచోట్లా ఒకే కొలత కుదరదని 2023 ఏప్రిల్‌లో సడలించింది. 2011 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆ మండలంలో గనులు, కోతమిల్లులు, కాలుష్య పరిశ్రమలు నిషిద్ధం; స్థానికులు చేసుకుంటున్న సాగు మాత్రం కొనసాగవచ్చు.

చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా, బఫర్ అన్న మాట చెవిన పడగానే ఊళ్లో వినిపించేది ‘భూమి పోతదట’ అన్నదే. ఆ భయాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం అన్యాయం. తరాలుగా పోడు చేసుకున్నవాళ్లకు 2023లో గానీ నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు చేతికి రాలేదు. రెండేళ్లు తిరగకుండానే, 2025 మే 30న జీవో 49 ద్వారా ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1.49 లక్షల హెక్టార్లను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే రక్షిత అడవులను కలిపే దారిని కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు. ఇలాంటి రిజర్వును ప్రకటించే ముందు స్థానికులను సంప్రదించాలన్నది చట్టంలోని నిబంధన. ఆదివాసీలు ఆందోళనకు దిగాక జూలైలో దాన్ని నిలిపివేశారు. మహారాష్ట్రలోని తడోబా పులుల అడవినుంచి కవ్వాల్‌కు పులి నడిచే దారి కాబట్టి ఆ అడవికి రక్షణ అవసరమనే నేను నమ్ముతాను. అడిగి చేయాల్సిన పనిని అడగకుండా చేస్తే, అవసరమైన రక్షణ కూడా శత్రువుగా కనిపిస్తుంది.

పులికన్నా రోజూ నష్టం చేసేది అడవిపంది. నర్సంపేట, కొత్తగూడ వైపు మక్క కంకి పాలుపోసుకునే వేళకు మంద దిగిందంటే తిన్నదానికన్నా తొక్కి పడేసింది ఎక్కువ. రైతు మంచె మీద రాత్రంతా కావలి కాసి, పొద్దున మళ్లీ పనికి దిగాలి. పరిహారానికి పట్టా కాగితం చూపమంటే కౌలు రైతు ఏం చూపగలడు? పంచనామా, దరఖాస్తు, ఎదురుచూపు దాటి డబ్బు వచ్చేలోపు తర్వాతి పంటకు విత్తనాలు అప్పు మీదే కొనాలి. ఆ కసిలోనే కొందరు చేనుచుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. దాన్ని నేను సమర్థించను. అది పందినే కాదు, పులినీ, చీకట్లో మోటారు వేయడానికి వచ్చే పక్కచేను రైతునూ చంపుతుంది. కానీ కేసులతోనే ఆ తీగ పోదు. విత్తనాలు కొనే నాటికి పరిహారం చేతిలో పడాలి, సోలార్ కంచెకు సాయం అందాలి.

పాఖాల చెరువును చూస్తే అడవి రైతుకు ఏమిస్తుందో తెలుస్తుంది. కాకతీయుల కాలంనాటి ఆ చెరువులోకి నీళ్లు వచ్చేది చుట్టూ ఉన్న అడవి గుట్టలనుంచే. ఆ గుట్టల్లో క్వారీ పడితే మొదట దెబ్బతినేది కింద వరి వేసుకున్న ఆయకట్టే. ఈ మాటను రైతుకు ఎదురుగా కూర్చొని చెప్పిన అధికారులు ఎందరు? జీవో నిలుపుదలతో దొరికిన వ్యవధిలో ప్రతి అంచు గ్రామంలోనూ సర్వే నంబర్లతో సహా పటాన్ని పంచాయతీ గోడకు అంటించి, గ్రామసభలో తెలుగులోనూ గోండీలోనూ చదివి వినిపించి, వచ్చిన అభ్యంతరాలను మినిట్సు పుస్తకంలో రాయించాలి. ఆ పుస్తకం చదివాకే గీత గీయాలి.